సీజరు క్యారేజీ

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరంటే ఎద్దు మెడ మీద పుండు కడగాలి, గేదె నోట్లో గొట్టంతో మందు పొయ్యాలి, డాక్టరు చెయ్యి చాపినప్పుడు సూది అందించాలి. అంతేగాని ఒళ్ళు బలిసిన కుక్కలకీ పిల్లులకీ పథ్యం పెట్టి సన్నబరచమని సర్కారు ఎవరికీ ఆర్డరు రాసివ్వలేదు. ఆ పని ఆశీర్వాదం తనంతట తనే నెత్తికెత్తుకున్నాడు. మంచిపని చేస్తే మంచే జరుగుతుందని మిషను బళ్ళో ఎనిమిదో క్లాసు దాకా చెప్పి పంపారు. పాపం, నమ్మాడు.

మొదలయింది తెనాలిలో, ఒక పిల్లితో. నూనెకొట్టు మార్కండేయులు గారి పిల్లి అది. రెండు పూటలా మీగడ పాలు తాగి గల్లాపెట్టె పక్కన దిండులా పడి ఉండేది. కళ్ళెదుట ఎలుకలు వేరుశనగ బస్తాలు కొరికేస్తుంటే ఓసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకునేది. దానికేదో జబ్బు చేసిందని షావుకారు బుట్టలో పెట్టి ఆసుపత్రికి మోసుకొచ్చాడు. ఆశీర్వాదం దాని డొక్కల మీద వేళ్ళు పెట్టి నొక్కి చూశాడు. ఎక్కడా ఎముక తగల్లేదు.

"పక్కటెముకలు చేతికి తగలాలండి, కంటికి కనపడకూడదు. అదీ లెక్క," అన్నాడు.

పాలు మాన్పించమన్నాడు. పస్తు మాత్రం పెట్టొద్దని, పూటకు రెండు చేపముక్కలు కొలిచి పెట్టమని, అవి కూడా నేల మీద కాకుండా బస్తాల మీద ఎత్తున పెట్టమని చెప్పాడు. తినాలంటే ఎక్కాలి కదా! మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లి ఎలుకను నోట కరుచుకుని కొట్టంతా ఊరేగింది. మార్కండేయులు గారు సంబరపడిపోయి వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతే చెప్పాడు. దాంతో స్టేషను మాస్టరుగారి కుక్క, ప్లీడరుగారి కుక్క, అన్నీ ఆశీర్వాదం చేతికిందికొచ్చి ఒళ్ళు దించుకుని పోయాయి. ఒక్కరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పెట్టిన కాఫీ కూడా తాగేవాడు కాదు.

ఎందుకంటారా? వాళ్ళ నాన్న యోబు కొల్లిపర దగ్గర ఒక ఆసామి ఇంట్లో పాలేరుగా చేశాడు. పండగపూట దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి, ఎంగిలి విస్తళ్ళలో మిగిలింది పైపంచెలో మూటగట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ మూట విప్పుతుంటే చిన్న ఆశీర్వాదానికి నోరూరేది, తిన్నాక ఏడుపొచ్చేది. ఉద్యోగంలో చేరి ఖాకీ చొక్కా తొడుక్కున్న రోజునే ఆశీర్వాదం గట్టిగా అనుకున్నాడు, తన ఇంట్లోకి మరొకరి మిగులు రానివ్వనని. ఆ పట్టుదల తప్ప అతను వెనకేసుకున్న ఆస్తి ఇంకేమీ లేదు.

అరవై ఆరులో రేపల్లె బదిలీ అయింది. ఆ ఏడు తిండికి ఎంత కటకటగా ఉందో పడ్డవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కృష్ణ నీళ్ళు పారే నేల మీద వరి నాటిన కూలీలే రేషను షాపు ముందు ఎర్రజొన్నల కోసం వరసలో నిలబడ్డారు. కాలవగట్టు పక్కన క్రైస్తవుల పేటలో ఆశీర్వాదం, భార్య సువార్తమ్మ, అయిదేళ్ళ కూతురు ఎస్తేరు, ముగ్గురూ ఒక పూట జొన్నగంజి, ఒక పూట అన్నం అన్నట్టుగా గడుపుతున్నారు.

అప్పుడొచ్చింది సీజరు సంగతి. నగరం వెళ్ళే దారిలో బియ్యంమిల్లు పూర్ణచంద్రరావు గారు మద్రాసు నుంచి తెప్పించి పెంచుకున్న సీమకుక్క అది. నాలుగు మెట్లెక్కితే నాలుక వేళ్ళాడేసి కూలబడిపోతోంది. డాక్టరు నరసింహారావు గారు చూసి, గుండెకు కొవ్వు పట్టింది, ఇలాగే ఉంటే వేసవి దాటదని చెప్పి, ఆశీర్వాదాన్ని పంపాడు. మిల్లు కాటా మీద ధాన్యం బస్తా దించి కుక్కనెక్కించారు. యాభై రెండు కేజీలు తూగింది.

"ఏమోయ్ ఆశీర్వాదం, మందేదన్నా ఇచ్చి ఆ ఆయాసం తగ్గించు. తిండి మాత్రం మామూలుగానే తింటోంది," అన్నాడు పూర్ణచంద్రరావు.

"తింటోంది గనకే ఆయాసమండి," అన్నాడు ఆశీర్వాదం.

మధ్యాహ్నం భోజనాల వేళ పెరట్లో గడ్డివామి పక్కన కూర్చున్నాడు. లోపలికి ఎటూ రానివ్వరు. మిల్లు గుమాస్తాలు, బండివాళ్ళు, వచ్చేపోయే చుట్టాలు, పూటకు ఇరవై మందికి పైగా తినే ఇల్లది. ఆ ఇంటికో ఆచారం ఉంది. ఆఖరి ముద్ద కుక్కకు వెయ్యకుండా ఎవరూ చెయ్యి కడగరు. పెరుగన్నం కలుపుకున్న ప్రతివాడూ గుప్పెడు ముద్ద పట్టుకుని పెరట్లోకి వచ్చి, "సీజరూ, ఇందరా!" అని వేసి, పుణ్యం మూటగట్టుకున్నట్టు మొహం పెట్టి చెయ్యి కడుక్కుని పోతున్నాడు. ముద్ద పడినప్పుడల్లా ఆశీర్వాదం ఒక గడ్డిపోచ తీసి పక్కన పెట్టాడు. భోజనాలయ్యాక పోచలు తీసుకెళ్ళి పూర్ణచంద్రరావుకు చూపించాడు.

"ఇరవై మూడండి. ఒక్క పూటకే."

"ఓరి నీ! నేను వేసేది ఒక్క ముద్దేగదోయ్!"

"అందరూ వేసేది ఒక్కటేనండి."

పూర్ణచంద్రరావు నవ్వాడు గాని, ముద్దలు ఆపించండి అనేసరికి ఆయన గొంతు దిగిపోయింది. ఆ ఇంట్లో వంటిల్లు, తాళంచెవులు, నోరు, మూడూ మేనత్త రంగమ్మవి. "మా అత్తయ్యతో తిండి తగ్గించమని చెప్పే మగాడు ఈ ఇంట్లో లేడయ్యా. వైద్యానికని చెప్పి నీతో పంపిస్తాను. నాలుగు నెలలుంచుకుని నీ పద్ధతిలో తగ్గించు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు. ఎంత సుళువుగా అన్నాడో ఆ మాట!

రంగమ్మ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. "పంపితే పంపు. తిరిగొచ్చాక పసుపునీళ్ళు పోసి ఇంట్లోకి రానిద్దాం. కానీ మా కుక్క పేట కుండలో కూడు తినదు. రోజూ ఇక్కణ్ణుంచే క్యారేజీ వెళ్ళాలి," అంది. తిండి తగ్గించాలన్న ముక్క మాత్రం మేనల్లుడు ఆమె చెవిన వెయ్యలేదు.

మర్నాటి నుంచి పనివాడు హనుమయ్య సైకిలు మీద నాలుగు గిన్నెల క్యారేజీ తెచ్చి పేటలో దించడం మొదలుపెట్టాడు. నేతి అన్నం, ముద్దపప్పు, గడ్డపెరుగు, మూడు రోజులకోసారి మేక కార్జం. పేటంతా ముక్కులు ఎగబీల్చింది. ఆశీర్వాదం మిల్లుకు పరిగెత్తి, క్యారేజీ ఆపించండి బాబూ అని బతిమాలుకున్నాడు.

"ఆపితే అత్తయ్య కుక్కను వెనక్కి తెప్పించేస్తుంది. వచ్చేదాన్ని రానియ్యి. మిగిలింది ఏం చేసుకుంటావో నీ ఇష్టం," అన్నాడు పూర్ణచంద్రరావు.

ఆశీర్వాదం ఇంటికొచ్చి భార్యను కూర్చోబెట్టి చెప్పాడు. ఉడికించిన సొరకాయ పాలడబ్బాతో రెండు డబ్బాలు, అందులో క్యారేజీ అన్నం గుప్పెడు, పప్పు కొంచెం. పొద్దున అంత, సాయంత్రం అంత. అదీ కుక్క వాటా. మిగతాదంతా కాలవలో పొయ్యాలి. "ఒక్క మెతుకు మన గడప దాటి లోపలికి రాకూడదు. రేపెవడన్నా వేలెత్తి చూపిస్తే నేను తలెత్తి జవాబు చెప్పాలి," అన్నాడు.

"కళ్ళజూస్తూ నేతన్నం కాలవలో పొయ్యమంటావా? పిల్ల గంజి తాగుతోందయ్యా ఇక్కడ!" అంది సువార్తమ్మ.

"మన గంజి మనం తాగుతున్నాం. అది కుక్క కోసమొచ్చిన కూడు."

 క్యారేజీ వచ్చేది పదకొండు గంటలకు, అతను డ్యూటీలో ఉండగా. అన్నం నీళ్ళలో పడితే చేపలు ఎగబడటం, గట్టున పిల్లలు నిలబడి గుటకలు మింగడం, ఇవన్నీ చూడాల్సింది ఆవిడే. నీతికి కట్టుబడటం మొగుడి వంతు, ఆ నీతిని రోజూ చేత్తో పట్టుకెళ్ళి కాలవలో పారబొయ్యడం పెళ్ళాం వంతు. లోకంలో చాలా ఇళ్ళల్లో పని ఇలాగే పంచి ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఎస్తేరు సందెవేళ గుమ్మాలకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. దీపం పెట్టే వేళకు పిల్ల గోడ తడుముకుంటూ నడిచేది. చేతికిచ్చిన గిన్నె పక్కన పెట్టబోయి కింద పడేసేది. మిషను ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సమ్మ కళ్ళు విప్పి చూసి, "రేచీకటి. తిండి లేక. మునగాకు పెట్టండి. వీలయితే కార్జం పెట్టండి, తొందరగా నయమవుద్ది. అశ్రద్ధ చేస్తే చూపే పోవచ్చు," అంది.  ఆ పూట ఇంట్లో, కుక్క క్యారేజీ మూడో గిన్నెలో, కార్జం ఉంది.

ఆశీర్వాదం ఊరంతా తిరిగి మునగాకు కోసుకొచ్చాడు. పిల్ల మూతి తిప్పుకుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పి తినిపించాడు. నెలన్నర తిరిగేసరికి ఎస్తేరు చీకటి పడ్డాక కూడా గట్టు మీద ఆడుకుని రావడం మొదలుపెట్టింది. "చూశావా మునగాకు మహిమ!" అని అతను పెళ్ళాంతో అంటే, ఆవిడ పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ ఊఁ అంది.

సీజరు సంగతి చెప్పాలంటే, మొదటివారం అది నడిస్తే పాతికడుగులు, కూర్చుంటే అరగంట. ఆశీర్వాదం దాన్ని తరిమేవాడు కాదు. అది కూర్చుంటే తనూ కూర్చునేవాడు. కీళ్ళ మీద బరువు పడకుండా కాలవలో దింపి ఈదించాడు. రోజుకో కరెంటు స్తంభం దూరం పెంచుకుంటూ పోయాడు. మూడో నెలకు అది అతని సైకిలు పక్కన పరిగెత్తింది. నాలుగో నెలాఖరుకు నలభై ఒకటి తూగింది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, "భేష్! ఇంకో ఆరేళ్ళు ఢోకా లేదు," అన్నాడు. ఆ రోజు ఆశీర్వాదం ఎంత గర్వపడ్డాడంటే, కుక్కకు స్నానం చేయించి, మెడకు కొత్త పట్టీ కట్టి మరీ మిల్లుకు తీసుకెళ్ళాడు. డాక్టరుగారు కూడా వెంట వెళ్ళాడు.

సీజరు మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కింది. రంగమ్మ బయటికొచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో అయ్యో! ఏం చేశావురా నా బిడ్డని! డొక్కలు చూడండి, చెయ్యేస్తే ఎముకలు గుచ్చుకుంటున్నాయి! నాలుగు నెలలు నాలుగు గిన్నెల చొప్పున పంపితే కుక్క సగమెట్లా అయింది? ఆ కూడంతా ఎవరు మింగారు?"

అరుగు మీద గుమాస్తాలు, బండివాళ్ళు చేరారు. ఆశీర్వాదం పూర్ణచంద్రరావు వైపు చూశాడు. తగ్గించమన్నది ఆయన, చూసుకుంటానన్నది ఆయన. ఆయన మాత్రం కుక్క మెడ నిమురుతూ పట్టీ బాగుందో లేదో చూసుకుంటున్నాడు. ఆ కాస్త మాటకు కూడా నోరు పెగల్లేదు పెద్దమనిషికి!

డాక్టరు కల్పించుకుని, కుక్క ఇప్పుడే ఆరోగ్యంగా ఉంది తల్లీ అని చెప్పాడు. "అదంతా నాకు తెలీదు డాక్టరుగారూ. మిగిలిన కూడు ఏమయిందో చెప్పమనండి," అంది రంగమ్మ.

"కాలవలో పోశామండి," అన్నాడు ఆశీర్వాదం.

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. తినడానికి లేని ఏడు, పేటలో వాడు, నేతన్నం కాలవలో పోశాడట! అక్కడున్న ఒక్కడికీ ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

"మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదండి. ప్రమాణం చేస్తాను," అన్నాడు ఆశీర్వాదం.

"అయితే మీ బైబిలు పట్రా. దాని మీద చెయ్యేసి చెప్పు, నమ్ముతాను," అంది రంగమ్మ.

సైకిలు మీద అతను వేగంగా వెళ్ళాడు, మనసులో బెంగ లేదు గనక. ఈ ఒక్క ప్రమాణంతో అందరి నోళ్ళూ మూతపడతాయి. ఇంట్లోకి వచ్చి గూట్లోకి చెయ్యి పెడితే గూడు ఖాళీగా ఉంది. గొడవ ప్రమాణాల దాకా పోతోందని హనుమయ్య అంతకుముందే వచ్చి కబురు చెప్పి పోయాడు. సువార్తమ్మ బైబిలును రొమ్ముకు అదుముకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఇటియ్యి, వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఇవ్వను. దీని మీద చెయ్యి వెయ్యమాక."

"ఏంటే, పిచ్చా?"

"పిల్లకి పెట్టాను," అంది సువార్తమ్మ. "కార్జం. నర్సమ్మ చెప్పిన మర్నాటి నుంచి, వచ్చినప్పుడల్లా పెట్టాను. దానికీ తెలీదు, చర్చి అయ్యగారి భార్య పంపిందని చెప్పాను. నేను ముట్టలేదు, నువ్వు ముట్టలేదు. దానికి మాత్రం పెట్టాను. కొడితే కొట్టు."

ఆశీర్వాదం గోడ పక్కన చతికిలబడ్డాడు. మునగాకు మహిమ అని తను మురిసిపోయిన రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. కోపం వచ్చింది, భార్య మీద కాదు. ఎవరి మీదో చెప్పలేక చెంపలు వాయించుకున్నాడు. బయట ఎస్తేరు గట్టు మీద పిల్లలతో గెంతుతోంది. అబద్ధపు ప్రమాణం చేసి పేరు నిలబెట్టుకోవచ్చు. దానికి చెయ్యి రాదు. జరిగింది చెప్పుకోవచ్చు. చెబితే రేపటి నుంచి ఆ పసిది కుక్క కూడు తిన్న పిల్ల అవుతుంది. బడికెళ్ళినా, పెళ్ళయినా, ముసలిదైనా.

వట్టిచేతులతో తిరిగెళ్ళాడు.

"ఏదిరా బైబిలు?"

"అక్కర్లేదండి. నేనే తిన్నానండి," అన్నాడు. "ఇంట్లోవాళ్ళకి తెలీదు. నేనొక్కణ్ణే తిన్నాను."

డాక్టరు నరసింహారావు తల దించుకున్నాడు. రంగమ్మ ఉమ్మేసింది. పూర్ణచంద్రరావుకు అప్పుడొచ్చింది నోరు. "పోనియ్యండి అత్తయ్యా, ఆకలి మనిషి," అని జాలిపడ్డాడు! ఆ ఆకలి మనిషి చేతులు కట్టుకుని మెట్ల కింద నిలబడి, ఆయన జాలిని కూడా మింగాడు. తోకాడిస్తూ అతని వెంటే గేటు దాకా వచ్చిన సీజరును హనుమయ్య లాక్కుపోయాడు.

ఆ మధ్యాహ్నం నుంచే ముద్దలు మళ్ళీ మొదలయ్యాయి. పస్తులున్న కుక్క అని ఒక్కొక్కరూ రెండేసి వేశారు. ఏడాది తిరక్కుండానే, రోహిణికార్తె ఎండల్లో, సీజరు నీళ్ళతొట్టి పక్కన పడి రొప్పి రొప్పి చచ్చిపోయింది. ఆ ఆశీర్వాదం గాడు నాలుగు నెలలు తిండి మాడ్చి లోపలి సత్తువంతా తీసేశాడని, అందుకే చచ్చిందని ఊళ్ళో తీర్మానించారు. అతను ఆ కబురు విని ఆసుపత్రి వెనక్కి వెళ్ళి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

అతని మీద పైకి అర్జీలు వెళ్ళాయి, బాపట్ల బదిలీ అయింది. అతనికంటే ముందు అతని పేరు బస్సెక్కి బాపట్ల చేరింది. కుక్కకూడు ఆశీర్వాదం. గేదెను తోలుకొచ్చిన రైతు కూడా, "తవుడు బస్తా లోపల దాచండర్రా, కాంపౌండరు వస్తన్నాడు," అని పరాచికాలాడేవాడు. ఒళ్ళు బలిసిన కుక్కలు ఊళ్ళో ఎన్నో ఉండేవి, రొప్పుతూ కళ్ళముందే తిరిగేవి. ఒక్కరూ అతని దగ్గరికి తెచ్చేవారు కాదు. కొన్నిసార్లు తనే చెప్పబోయేవాడు. తిండి తగ్గించండి అని అతని నోట వచ్చేసరికి జనం విరగబడి నవ్వేవారు. తర్వాత చెప్పడం మానేశాడు. పుళ్ళు కడిగాడు, గొట్టంతో మందులు పోశాడు, జీతం తెచ్చి సువార్తమ్మ చేతిలో పెట్టాడు. పదేళ్ళు అలా గడిచిపోయాయి.

డెబ్భై ఆరులో ఎస్తేరు పదో క్లాసు. చక్కగా చదువుతుంది, సూదిలో దారం దీపపు వెలుతురులో కూడా ఒక్క గురికి ఎక్కిస్తుంది. ఒక రోజు బడి నుంచి వచ్చి పుస్తకాలు నేలకేసి కొట్టింది. రేపల్లె వైపు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, మధ్యాహ్నం భోజనాల దగ్గర తన మిగిలిన అన్నం డబ్బా మూత మీద పోగేసి, అందరి ముందూ ఎస్తేరు వైపు తోసి, "మీ నాన్నకి పట్టుకెళ్ళు," అందట.

ఆశీర్వాదం అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. ఎస్తేరు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నిజమేనా నాన్నా? ఊళ్ళో అనేది?"

అతను తలెత్తలేదు. "నిజమే," అన్నాడు.

"కుక్క కోసం పంపించిన అన్నమా?"

"ఊఁ."

"అమ్మకీ నాకూ తెలీకుండా, ఒక్కడివే?"

పొయ్యి దగ్గర సువార్తమ్మ చేతిలో గరిటె పడేసి లేచింది. "ఎస్తేరూ, ఆగు. ఇవాళ చెబుతాను నేను," అంది. ఆశీర్వాదం ఆవిడ వైపు చూశాడు. పదేళ్ళలో అతను భార్యను కళ్ళతో శాసించింది ఆ ఒక్కసారే. ఆవిడ చీరకొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది.

"ఛీ! సిగ్గనిపించలేదా? ఎలా తిన్నావు నాన్నా?" అని ఏడుస్తూ అడిగింది ఎస్తేరు, పదేళ్ళనాడు పోబోయి నిలిచిన ఆ కళ్ళతోనే అతన్ని సూటిగా చూస్తూ.

"ఆకలేసిందమ్మా," అన్నాడు ఆశీర్వాదం.

ఆ రోజు నుంచి ఎస్తేరు తండ్రితో కలిసి అన్నానికి కూర్చోవడం మానేసింది.